మెట్లు దిగని పిసరు

ఆ రోజు ఉదయానికి మందుల షాపాయన ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కను మేడ మీద నుంచి కిందికి దించాలి. తోటాయన తెచ్చే వ్యాన్ ఎక్కించాలి. ముఖం కడుక్కుని షాపు తీయాలి. మామూలు కుక్కయితే కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

పిసరు మామూలు కుక్క కాదు. గ్రేట్ డేన్. నాలుగు కాళ్ళ మీద నిలబడితే డైనింగ్ టేబుల్ మీది పళ్ళెంలోకి మెడ వంచి తింటుంది. వెనక కాళ్ళ మీద లేస్తే మందులాయన బట్టతల నాకుతుంది. అంత ఒంటికి అంత చిన్న పేరు ఎలా వచ్చిందంటే, దానికి కారణం మందులాయన అత్తగారు.

ఒకనాడు గుమ్మంలో విడిచిన ఆవిడ కొత్త చెప్పులు మాయమయ్యాయి. "ఇంటికో కుక్క కావాలి అల్లుడుగారూ. చూడగానే దొంగవెధవ కాళ్ళు వణకాలి," అని ఆవిడ హుకుం జారీ చేసింది. ఆ వారమే మందులాయన, స్కూల్లో లెక్కలు చెప్పే తన భార్యను వెంటబెట్టుకుని కుక్కపిల్లలమ్మే ఇంటికి వెళ్ళాడు. అక్కడున్న వాటిలో అన్నిటికంటే చిన్నపిల్ల దొర్లుకుంటూ వచ్చి ఆయన బూటు మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంకేముంది, మనిషి కరిగిపోయాడు.

"పిసరంత ఉందే! దీన్నే తీసుకుందాం."

"పాదాలు చూడండి," అంది టీచరమ్మ. "పిల్లేమో గుప్పెడు. పాదాలేమో గరిటెలు. నాకేదో తేడాగా ఉంది."

"పిల్లలకు అలాగే ఉంటాయి. పెరిగే కొద్దీ సర్దుకుంటాయి."

"తల్లిని కూడా చూస్తారా? వెనకుంది," అన్నాడు అమ్మే ఆయన. షాపుకు వేళైపోతోందని మందులాయన వద్దన్నాడు. బయటికి వస్తూ పెరట్లో కట్టేసి ఉన్నదాన్ని చూశాడు గానీ, దూడ అనుకున్నాడు.

పాదాలు సర్దుకోలేదు. ఒళ్ళే పాదాలకు తగ్గట్టు పెరిగింది.

మొదటి టీకాకు తీసుకెళ్ళినప్పుడు పశువుల డాక్టరు చెప్పవలసినదంతా చెప్పాడు. "ఇది రాక్షస జాతి. ఎముకలు నిదానంగా ముదరాలి. ఏడాదిన్నర దాకా మెట్లు ఎక్కనివ్వొద్దు, దిగనివ్వొద్దు. తిండి ఒక్కసారే కుమ్మరించకుండా కొద్దికొద్దిగా పెట్టండి. తిన్నాక పరుగులు పెట్టించకండి. గట్టి నేల మీద పడుకోనివ్వకండి, మోచేతులు కాయలు కాస్తాయి."

వేరేవాళ్ళయితే ఇందులో సగం విని, పావు వంతు పాటించేవాళ్ళు. మందులాయన అలాంటివాడు కాదు. డాక్టరు రోజుకు రెండు మాత్రలన్నాడంటే, మూడోది ఇమ్మని పేషెంటు కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వని మనిషి. కాపురమేమో మేడ మీద, షాపేమో కింద. మెట్లు వద్దన్నారు గనక పిసరును మోయాల్సిందే. మొదట్లో చంకన పెట్టుకుని దిగేవాడు. తర్వాత భుజాన వేసుకున్నాడు. తర్వాత పక్క వీధిలో ఉండే బావమరిదిని పిలిచాడు. అతను జిమ్ముకు వెళ్ళి కండలు పెంచినవాడు. ఆ కండలకు ఒక పని దొరికిందని మొదట్లో సంతోషించాడు కూడా. చివరికి మోచేతులు కాయలు కాయకుండా కొన్న మడత మంచం మీదే దాన్ని పడుకోబెట్టి, చెరో వైపు పట్టుకుని, వెనక మెట్ల మీదుగా పెరట్లోకి దించడం, మళ్ళీ ఎక్కించడం అలవాటైంది. వెనక మెట్లు విశాలం. చూసేవాళ్ళూ ఉండరు.

ఏడాదిన్నర నిండింది. "ఎముకలు భేషుగ్గా ఉన్నాయి. ఇక మెట్లు దిగనివ్వండి," అన్నాడు డాక్టరు. మందులాయన పండగలాగా ఇంటికొచ్చి పిసరును మెట్ల దగ్గర నిలబెట్టాడు. అది మెట్లను చూసింది. నూతిలోకి తొంగిచూసినట్టు చూసింది. ఆ తర్వాత వెనక్కెళ్ళి మంచం మీద పడుకుని, ఇక ఎత్తండన్నట్టు అటూ ఇటూ చూసింది. మెట్టుకొక కోడిముక్క పెట్టారు. మెడ అందినంత దూరం తిని ఊరుకుంది. బావాబావమరుదులిద్దరూ నాలుగు కాళ్ళ మీద వంగి దిగి చూపించారు. పిసరు తోక ఊపుతూ, ఇంకోసారి దిగుతారేమోనని ఆశగా చూసింది.

ఈ సర్కస్ అంతా చూస్తున్న అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అడిగింది కాపలా కుక్కను. వచ్చినదేమో ఇప్పటిదాకా ఒక్కసారీ మొరగలేదు. ఎవరైనా తలుపు తడితే పరిగెత్తుకొచ్చి అత్తగారి వెనక దాక్కుంటుంది. దాక్కోవడమంటే మామూలుగా కాదు, ఒంటి బరువంతా ఆవిడ మీద ఆనించి మరీ నిలబడుతుంది. అలా ఆనడంలో ఆవిడ ఒకసారి బట్టల బుట్టలో కూర్చుండిపోయింది. తోక ఊపితే కాఫీ కప్పు గోడకు తగిలింది. ఇవన్నీ ఆవిడ సహించింది. కానీ మోసి మోసి కొడుకు నడుం పట్టేసి, మూడు రోజులు వంగిపోయి నడిచేసరికి, ఇక సహించలేదు.

"నా కొడుకు నడుము విరిగేదాకా పల్లకీ మోయించుకునే మహారాజు నాకొద్దు. నాకు తెలిసిన తోటాయన ఉన్నాడు. తోటలో మెట్లూ లేవు, మేడలూ లేవు. రేపొచ్చి తీసుకెళ్తాడు. ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ఆ మాటకు మందులాయన జవాబు చెప్పడానికి తీసుకోవలసినదానికంటే కాస్త ఎక్కువ సమయం తీసుకున్నాడు. భార్య గిల్లింది.

"మీరే ఉండాలి అత్తయ్యా," అన్నాడు.

"అది తన కాళ్ళతో మెట్లు దిగిననాడు చెప్పండి. అప్పుడు ఆలోచిస్తాను."

ఆ రాత్రి ఆయన సోఫాలో కూర్చుంటే పిసరు ఎప్పట్లాగే వెనకభాగం సోఫా మీద, ముందుకాళ్ళు నేల మీద పెట్టి, ఆయన భుజానికి తల ఆనించింది. ఆ ఇంట్లో ఆయన మాట మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినేది అదొక్కటే. టీచరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఈ జాతికి ఆయుష్షే తక్కువండీ. ఎనిమిదేళ్ళు బతికితే గొప్ప. ఆ నాలుగు రోజులూ మన దగ్గర ఉంటే ఏం పోయింది?"

"మీ అమ్మ పోతానంటోంది," అన్నాడాయన.

తెల్లవారగానే అత్తగారు శాలువా కప్పుకుని, కంటి ఆపరేషన్‌కు ఇచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయల్దేరింది. "తోటాయనకు మన వీధి తెలీదు. నేనే వెళ్ళి దారి చూపించి తీసుకొస్తా. లేకపోతే మీరేదో సాకు చెప్పి తిప్పి పంపిస్తారు. నేనొచ్చేసరికి అది కింద ఉండాలి," అంది. పిసరు వైపు మాత్రం చూడకుండా వెళ్ళిపోయింది.

మందులాయన కిందికొచ్చి సగం ఎత్తిన షట్టర్ను మళ్ళీ దించేశాడు. ఎదురుగా టైలరు షాపు. ఆ టైలరు వీధి మొత్తానికీ బట్టలు కుట్టినవాడు. ఎవరి నడుము ఎంతో, ఎవరి చేయి ఎంతో టేపు లేకుండా చెప్పగలడు.

"ఏంటన్నా, షట్టర్ దించేశావు? ఏనాడూ మూయనివాడివి?"

మందులాయన వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమీ అడగొద్దన్నట్టు చేయూపి మెట్లెక్కిపోయాడు. టైలరు కుట్టు ఆపి పైకి చూశాడు. రోజూ ఈ వేళకు బాల్కనీలో కుర్చీ వేసుకుని, వీధిలో పోయేవాళ్ళ నడకా, బట్టలూ, సంసారాలూ అన్నిటి మీదా వ్యాఖ్యానం చెప్పే పెద్దావిడ ఈ రోజు లేదు. కుర్చీ ఖాళీగా ఉంది. టైలరు గుండె ఒక్క కుట్టు తప్పింది.

పైన బావమరిది నడుముకు బెల్టు బిగిస్తున్నాడు.

"వెనక మెట్ల మీదే దించుదాం బావా. అలవాటైన దారి."

"వెనక సందులోకి వ్యాన్ రాదురా. ముందు మెట్లే గతి."

ముందు మెట్లు వీధి వైపు, గోడ బయటుంటాయి. సన్నగా దిగి, మధ్యలో ఒక చిన్న చప్టా దగ్గర మలుపు తిరిగి మళ్ళీ దిగుతాయి. మంచం ఎత్తి గుమ్మం దాటించగానే పిసరు ఆ మెట్లను, వాటి కింద కదులుతున్న వీధిని చూసి గజగజ వణికింది. మంచంతో సహా వణికింది.

"కళ్ళు కప్పండి. మొన్న స్నానం చేయించినప్పుడు తువ్వాలు కప్పితే కిక్కురుమనలేదు," అంది టీచరమ్మ.

తువ్వాలు తలకే చాలలేదు. ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చారు. తల కప్పితే కాళ్ళు బయటికొచ్చాయి, కాళ్ళు కప్పితే తోక బయటికొచ్చింది. చివరికి తల నుంచి తోకదాకా పూర్తిగా కప్పి, అంచులు చుట్టూ దోపారు. పిసరు నిశ్చలంగా పడుకుండిపోయింది.

బావమరిది ఒకడుగు వెనక్కి వేసి చూశాడు. "బావా, ఇదేదో ఇంకోలా కనిపిస్తోంది."

"నువ్వు చూడకు. ఎత్తు."

ఎత్తారు. ముందు బావమరిది, వెనక మందులాయన, ఆ వెనక పిసరు తిండిగిన్నె గుండెకు హత్తుకుని ముక్కు తుడుచుకుంటూ టీచరమ్మ. మెట్టు మెట్టుకూ ఆగుతూ, మూలుగుతూ చప్టా దాకా వచ్చారు. అక్కడ మంచం మలుపు తిరగనంది. ఇటు తిప్పితే గోడ, అటు తిప్పితే ఇనుప కమ్మీ. లాభం లేక మంచాన్ని చప్టా మీద దించి ఊపిరి పీల్చుకోసాగారు.

కింద టైలరు టేపు మెడలో వేసుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. దుప్పటి కింద పొడుగును కళ్ళతోనే కొలిచాడు. పెద్దావిడ కొలతే. కొద్దిగా పొడుగనిపించింది గానీ, పోయినవాళ్ళు కాస్త సాగుతారు కాబోలని సర్దిచెప్పుకున్నాడు.

"అన్నా... ఎప్పుడు?" అనడిగాడు జాలిగా.

వార్త అప్పుడే వీధిలో పాకిందని మందులాయన అనుకున్నాడు. "రాత్రే ఖాయమైపోయింది."

"బాధేమీ పడలేదు కదా?"

"దానికేం తెలుసు పాపం! రాత్రి కడుపునిండా తింది. హాయిగా గురక పెట్టింది."

టైలరు నొచ్చుకున్నాడు. పోయిన మనిషిని, అందులోనూ కన్నతల్లిలాంటి అత్తగారిని, అదీ ఇదీ అంటాడేంటి? ఎన్నేళ్ళ మంట కడుపులో దాచుకున్నాడో అనుకుని క్షమించేశాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"తోటలోకి. అక్కడ ప్రశాంతంగా ఉంటుందన్నారు."

"ఉంటుందన్నా. చెట్ల నీడ. చల్లటి చోటు."

"బావా, దీన్ని ఇలా తిప్పలేం. నిలువుగా లేపి తిప్పుదామా?" అన్నాడు బావమరిది.

"అయ్యయ్యో, నిలువుగానా!" టైలరు రెండు చేతులూ ఎత్తాడు. "పెద్ద ప్రాణం బాబూ! కాస్త మర్యాదగా చూడండి. ఉండండి, మనుషుల్ని పిలుస్తా!"

అని వీధి చివరికి పరిగెత్తాడు.

ఆ వీధిలో షాపులవాళ్ళకు ఒక సంఘం ఉంది. సభ్యుడి ఇంట్లో ఎవరైనా పోతే అందరూ షట్టర్లు దించాలి, భుజబలం ఉన్న ఆరుగురు మోయడానికి రావాలి, అధ్యక్షుడు నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఇది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. అధ్యక్షుడు ఇనుప సామాన్ల షాపాయన. ఆయన దగ్గర ఒకటే ప్రసంగం ఉంది. ఆడవాళ్ళయితే ఆమె అని, మగవాళ్ళయితే ఆయన అని మార్చుకుంటాడు, అంతే. దానికోసం భుజాన తగిలించుకునే మైకు ఒకటి ఎప్పుడూ ఛార్జింగులో ఉంచుతాడు.

క్షణాల్లో వీధి పొడవునా షట్టర్లు దడదడమని దిగాయి. రేడియోల షాపులో పాట సగంలో ఆగింది. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా పడ్డాయి. ఫొటో స్టూడియో ఆయన పూలు పట్టుకొచ్చాడు. ఆరుగురు బలశాలులు చొక్కా చేతులు మడిచి మెట్ల మొదట్లో నిలబడ్డారు. తెలిసినవాళ్ళూ, తెలియనివాళ్ళూ, ఏం జరిగిందో చూద్దామని ఆగినవాళ్ళూ కలిసి రోడ్డు నిండిపోయింది.

చప్టా మీద నుంచి చూస్తున్న మందులాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావురా! మన పిసరంటే వీధి వీధంతటికీ ఎంత ప్రేమో! షాపులు కూడా కట్టేశారు!"

"నాకు మరీ ఎక్కువనిపిస్తోంది బావా."

"నీకు మనుషుల మంచితనం మీద నమ్మకం లేదు," అని కసిరి, మందులాయన జనానికి చేతులు జోడించాడు. జనం కూడా చేతులు జోడించారు. టీచరమ్మకు దుఃఖం ఆగక గిన్నెలో ముఖం పెట్టుకుంది. అది చూసి కింద ఇద్దరు ముగ్గురు చొక్కాతో కళ్ళు ఒత్తుకున్నారు. కళ్ళు పొడిగానే ఉన్నాయి, కానీ మర్యాద మర్యాదే.

దుప్పటి కింద పిసరు మాత్రం ఈ గోలంతా వింటూ, ఊపిరి బిగబట్టి, ఇంకాస్త నిశ్చలంగా పడుకుంది.

అధ్యక్షుడు కుర్చీ పక్కన నిలబడి మైకు తట్టాడు. "మన వీధి ఈ రోజు ఒక పెద్ద ప్రాణాన్ని కోల్పోతున్నది."

"నిజం," అన్నాడు మందులాయన గద్గదంగా.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో తోటాయన వ్యాన్ వచ్చి ఆగింది. కుర్చీలు అడ్డం. అత్తగారు ముందు సీట్లోంచి దిగింది. దారంతా దుమ్ము కొట్టిందని శాలువాను తల చుట్టూ చుట్టుకుంది. కళ్ళకు నల్లద్దాలు సరేసరి. ఎవరూ ఆనవాలు పట్టలేదు. తన ఇంటి ముందు గుంపు, మూసిన షట్టర్లు, మెట్ల మీద తెల్లదుప్పటి కప్పిన మంచం. ఆవిడ గబగబా ముందుకు నడిచింది. గుంపు చివర సంచీ పట్టుకుని నిలబడ్డ పక్క వీధి ఆవిడ చేయి పట్టుకుంది.

"ఏమ్మా, ఎవరికేమైంది?"

"మందుల షాపాయన ఇంట్లో పోయారటండి."

"ఎవరు? ఆ బావమరిదా? టీచరమ్మా?"

"కాదండీ. పెద్దావిడట. వాళ్ళ అత్తగారు."

అత్తగారు నల్లద్దాలు కాస్త కిందికి జార్చి, అద్దాల మీదుగా ఆవిడను పరీక్షగా చూసింది.

"ఏ అత్తగారు?"

"ఆయనకు ఎందరుంటారండీ? ఆ ఒక్కావిడే. రోజంతా బాల్కనీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఏకిపారేసేదట. నోరు మహా చెడ్డదట."

"అలా అని ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారండీ. పోయిన మనిషి గురించి చెడ్డగా అనకూడదని మెల్లిగా అంటున్నారు."

మైకులో అధ్యక్షుడు మంచి ఊపు మీదున్నాడు. "ఇన్నేళ్ళలో ఆమె నోట ఒక్క కఠినమైన మాట విన్నవారు ఈ వీధిలో ఉన్నారా?"

జనం నేల చూపులు చూశారు. ఎవరో దగ్గారు. చప్టా మీద మందులాయన మాత్రం కన్నీళ్ళతో తలూపాడు. "లేరు. ఒక్కసారి కూడా మొరగలేదు," అన్నాడు.

బావమరిది ఉలిక్కిపడి బావ వైపు, మైకు వైపు, మంచం వైపు చూశాడు. అతనికి లెక్క అందసాగింది. "బావా, వీళ్ళు..."

"ఆమె ఎవరితోనూ ఏనాడూ గొడవ పడి ఎరగదు!" అన్నాడు అధ్యక్షుడు.

"ఎరగనా?" గుంపు వెనక నుంచి ఒక గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు మోగింది. మైకు అవసరం లేని గొంతు. "మొన్న నువ్వంటగట్టిన తుప్పు గొళ్ళెం తెచ్చి నీ బల్ల మీద విసిరికొట్టినప్పుడు ఏమన్నానో అప్పుడే మర్చిపోయావా? ఇంకోసారి అననా?"

జనం అటు తిరిగారు. అత్తగారు శాలువా వెనక్కి లాగింది. సంచీ ఆవిడ తన చేయి పట్టుకున్నది ఎవరో తెలిసి, సంచీ అక్కడే వదిలేసి మాయమైంది.

ఇంతలో చప్టా మీద దుప్పటి కదిలింది.

పిసరుకు ఇందాకట్నుంచి ప్రాణం గుప్పిట్లో ఉంది. చుట్టూ కొత్త గొంతులు, దడదడలు, మైకు గరగరలు. ఇంత భయం వేసినప్పుడు అది దాక్కునే చోటు ఈ లోకంలో ఒక్కటే. ఆ చోటు గొంతు ఇప్పుడు కింద నుంచి వినిపించింది. అంతే. దుప్పటి మెల్లిగా తలెత్తింది. లేచి కూర్చుంది. నిలబడింది. మనిషెత్తు తెల్లదుప్పటి మెట్ల మీదుగా జనంలోకి దూకుతూ దిగసాగింది.

"లేచిందిరోయ్!"

మోయడానికొచ్చిన ఆరుగురూ ముందుగా పారిపోయారు. సగం దిగిన షట్టర్ కింద నుంచి ఆరుగురూ ఒకేసారి దూరబోయి ఇరుక్కున్నారు. అధ్యక్షుడు కుర్చీ ఎక్కి "అమ్మోయ్!" అన్నాడు. మైకు కట్టేయలేదు గనక ఆ కేక నాలుగు వీధులకు వినపడింది. టైలరు కుట్టు మిషన్ కింద నక్కి, "నా కొలత తప్పదే! ఎలా తప్పింది?" అని గొణుక్కుంటున్నాడు. కుర్చీలు బోర్లా పడ్డాయి. కన్ను మూసి తెరిచేలోగా రోడ్డంతా ఖాళీ.

దుప్పటి నేరుగా వచ్చి అత్తగారి వెనక నక్కి, బరువంతా ఆనించి నిలబడింది. ఆవిడ అలవాటు ప్రకారం దొరికిన కుర్చీలో కూలబడింది. ఆవిడ దుప్పటి లాగేసరికి చెవులు వేలాడేసుకున్న పిసరు మొహం బయటపడింది. అది ఆవిడ ఒడిలో తల దాచుకుని, ఇక తనెవరికీ కనపడననుకుని స్థిమితపడింది.

పైన మందులాయన కమ్మీ పట్టుకుని గెంతుతున్నాడు. "దిగింది! తన కాళ్ళతో దిగింది! అత్తయ్యా, చూశారా? దిగింది!"

ముందుగా తేరుకున్నది తోటాయన. వ్యాన్ చాటు నుంచి వచ్చి పిసరును చుట్టూ తిరిగి చూశాడు. కళ్ళు మెరిశాయి.

"ఏమో అనుకున్నానమ్మా! పిరికిదన్నారు గదా! వీధి వీధినంతా ఒక్క దూకులో ఖాళీ చేసేసింది. నా తోటకు ఇలాంటిదే కావాలి. పట్టండి, వ్యాన్ ఎక్కిద్దాం."

మందులాయన గెంతడం ఆపాడు. టీచరమ్మ గిన్నెను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. తోటాయన పిసరు పట్టీ మీద చేయి వేశాడు.

"చెయ్యి తియ్యి," అంది అత్తగారు.

"అదేంటమ్మా, మీరే కదా..."

"అన్నాను. నేను బతికున్నప్పుడు అన్న మాట అది." ఆవిడ వీధి వైపు చూసింది. షట్టర్ల కింద నుంచి, తలుపుల చాటు నుంచి తలలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. "నేను పోయానని ఇంతమంది వచ్చారు. ఒక్కడి కంట్లో తడి లేదు. నా గొంతు వినబడగానే మీరంతా పారిపోయారు. నా గొంతు విని నా దగ్గరకు పరిగెత్తుకొచ్చింది ఇదొక్కటే."

"నేను కూడా వచ్చేవాణ్ణే అమ్మా, నడుము..." అన్నాడు కొడుకు మెట్లు దిగుతూ.

"నోర్ముయ్యి. మీ అమ్మని మోస్తున్నావని వీధంతా అనుకుంటుంటే, చెమట తుడుచుకుంటూ నించున్నావు." తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "మీరు ఏడ్చినట్టున్నారు. అది నిజమేనా?"

మందులాయన ఈసారి కూడా జవాబు చెప్పడానికి కాస్త ఎక్కువ సమయమే తీసుకున్నాడు. టీచరమ్మ అందుకుంది. "ఏడ్చారమ్మా. నేనూ ఏడ్చాను." దేనికోసమని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అత్తగారి మొహం కాస్త మెత్తబడింది. పిసరు చెవి పట్టుకుని సవరిస్తూ తోటాయనతో అంది. "నీ తోటకు కంచె వేయించుకో. ఇది నా మనిషి."

తోటాయన ఖాళీ వ్యాన్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి. రేడియో పాట ఆగినచోటు నుంచి మొదలైంది. అంతా సుఖాంతమైందనుకుని మందులాయన పిసరు మెడ నిమిరి, "పద పద, ఇంటికెళ్దాం," అన్నాడు.

పిసరు మెట్ల మొదట్లోకి వచ్చింది. తలెత్తి పైకి చూసింది. కొండను చూసినట్టు చూసింది. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఇంకో ఎత్తు అని దానికి తోచినట్టుంది. బావమరిది కిందికి తెచ్చిన మడత మంచం మీదకెక్కి, కాళ్ళు ముడుచుకుని, ఇక ఎత్తండన్నట్టు చూసింది.

బావమరిది రెండు చేతులూ నడుము మీద పెట్టుకున్నాడు. మందులాయన డాక్టరు ఇంకేమైనా చెప్పాడేమోనని గుర్తు తెచ్చుకోసాగాడు.

అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే కేకేసింది. "ఏవయ్యా అధ్యక్షుడూ! మోయడానికి ఆరుగుర్ని తెచ్చావు గదా, ఎక్కడ వాళ్ళు?"

షట్టర్ కింద ఇరుక్కున్న ఆరుగురూ చొక్కాలు దులుపుకుంటూ వచ్చారు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, చెరో పక్కన ఒకడు. టైలరు టేపుతో చప్టా మలుపు కొలిచి, మంచాన్ని ఏ వైపు వాల్చాలో చెప్పాడు. పిసరుకు మధ్యలో భయం వేయకుండా అత్తగారు ముందు నడుస్తూ, "తల వైపు ఎత్తండి! కమ్మీకి తగలనివ్వకండి! తిండి తినరేంట్రా మీరు?" అని దారి పొడవునా తిడుతూనే ఉంది. ఆ గొంతు వింటూ పిసరు మలుపు దాటకముందే నిద్రపోయింది.

సంఘం పుట్టినప్పటి నుంచి వాళ్ళు మోసినవాళ్ళను ఇంటికి తిరిగి చేర్చడం అదే మొదటిసారి.